పక్షవాతానికి మూలకణాలు: డిపాజిట్ రద్దు చేసే ముందు

పాంచాలంకురిచ్చి మొదలుకొని విరుదునగర్ దాకా మనవాళ్ల ఇళ్లలో ఎవరికైనా పక్షవాతం వస్తే, నెల తిరిగేలోగా ఎవరో ఒకరు "స్టెమ్‌సెల్ ఇంజెక్షను వేయిస్తే లేచి నడుస్తారట" అంటారు. ఆ తరువాత ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు మా బ్యాంకు కౌంటరు మీదికి వస్తుంది. గడువు తీరకముందే తీసుకుంటే వడ్డీలో ఎంత కోత పడుతుందో చెప్పడం మా ఉద్యోగం. ఆ డబ్బు దేనికి పోతున్నదో కూడా కాస్త తెలుసుకొందాం.

పెద్దవాళ్ల ఎముకల మజ్జలోనూ మూలకణాలు ఉంటాయి. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, కణాలను వేరుచేసి, ఆ రోగికే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి వెళ్లి చచ్చిన మెదడు కణాల స్థానంలో కూర్చుంటాయని కాదు. అవి విడిచే రసాయనాల వల్ల వాపు తగ్గి, మిగిలిన మెదడు కోలుకొంటుందని ఆశ.

ఈ ఆశను మన దేశంలోనే పరీక్షించారు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు కామేశ్వర్ ప్రసాద్ గారి ఆధ్వర్యంలో 5 ఆస్పత్రులలో 120 మంది రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మనిషికి సగటున 28 కోట్ల కణాలు ఎక్కించారు. ఫలితం 2014లో వెలువడింది. హాని కనబడలేదు, లాభమూ కనబడలేదు. ఆరు నెలల తరువాత అన్నం తినడం, బట్ట కట్టుకోవడం, నడవడం వంటి పనులలో రెండు జట్లకూ తేడా లేదు. జపానులో దాతల కణాలతో 206 మందిపై జరిపిన పరీక్షలోనూ ఆశించిన ఫలితం రాలేదని 2024లో ప్రకటించారు.

మరి "మా బంధువుకు నయమైంది" అనేవారి మాట? పక్షవాతం వచ్చిన తొలి నెలల్లో చాలామంది ఎంతోకొంత వాటంతట అవే కోలుకొంటారు. ఇంజెక్షను వేయించుకోని వారిని పక్కన పెట్టి చూడకపోతే, ఖర్చు పద్దు రాయకుండా జమ పద్దు మాత్రమే చూపినట్టు!

భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మూలకణ చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలోనే చేయాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరాదు. కనుక బిల్లు అడిగారంటేనే అనుమానించండి.

రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ఉన్నది. స్కాన్ తీసి, నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. రాత్రివేళ కూడా ఆ మందు ఇచ్చే ఆస్పత్రి మీకు దగ్గరలో ఎక్కడున్నదో, మదురైలోనా తిరునెల్వేలిలోనా, ఇప్పుడే విచారించి కేలండరు మీద రాసిపెట్టుకోండి. డిపాజిట్ తీయక తప్పదంటే, ముందు ఆరు నెలల ఫిజియోథెరపీకి ఎంతవుతుందో లెక్క వేయండి.