ఏనుగును ఆపిన మలుపు

బండి మీద ఓరుగల్లు కోటకు పోయేవాళ్లకు కాకతీయులు ఇప్పటికీ డ్రైవింగ్ టెస్టు పెడుతున్నారు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు. ఏ దర్వాజలోంచీ తిన్నగా లోపలికి పోలేం. గోడల మధ్య అడ్డం తిరగాలి, మళ్లీ తిరగాలి. దౌడు తీసే గుర్రమైనా, తలుపులు గుద్దడానికి వచ్చే ఏనుగైనా అక్కడ వేగం పోగొట్టుకోవాలన్నది లెక్క. ఇప్పుడు ఆ సందుల్లోంచి ఆటోలూ గేదెలూ తిరుగుతున్నాయి. కట్టినవాళ్ల లెక్క మాత్రం తప్పలేదు. నమ్మనివాళ్లకు నా బండి క్రాష్ గార్డు మీది గీతలు చూపిస్తాను.

నాది హిమాలయన్ 450. బరువు 196 కిలోలు, సీటు ఎత్తు 825 మి.మీ., ముందు చక్రం 21 అంగుళాలు. రెండు చక్రాల నడుమ దూరం 1,510 మి.మీ. కోటలోపల ఇంటింటికీ కనిపించే స్ప్లెండర్‌కు అదే దూరం 1,236 మి.మీ., బరువు 112 కిలోలు. తేడా జానెడు పైచిలుకే. అయితే ఇరుకు సందులో నిచ్చెన తిప్పినవాళ్లకు తెలుసు, జానెడు ఎంత పని చేస్తుందో. పొడుగు బండికి అదే మలుపు తిరగాలంటే హ్యాండిల్ ఇంకాస్త తిప్పాలి. హ్యాండిల్ ఒకచోట ఆగిపోతుంది. ఆ తర్వాత మలుపును ఇంకా ఇరుకు చేయాలంటే మిగిలిన దారి ఒక్కటే, బండిని వంచడం.

అందరికీ భయం పుట్టేది ఇక్కడే. బండి ఎత్తు, బరువంతా పైన ఉంది, వంచితే పడుతుంది అనుకుంటాం. సగమే నిజం. అగ్గిపుల్లను అరచేతిలో నిలబెట్టి చూడండి, క్షణం కూడా నిలవదు. గడకర్రను నిలబెట్టండి, నిలుస్తుంది. బరువు ఎత్తున ఉన్న వస్తువు నెమ్మదిగా ఒరుగుతుంది, సర్దుకోవడానికి మనకు వ్యవధి ఇస్తుంది. వెడల్పాటి హ్యాండిల్ చేతికి పట్టునిస్తుంది, నిటారుగా కూర్చోవడం వల్ల చూపు దూరం పోతుంది. మెల్లగా తిరగడానికి ఇది నిజానికి మంచి బండే. చిక్కల్లా ఒరగడం ఒక హద్దు దాటాక వస్తుంది. అప్పుడు దాదాపు రెండు క్వింటాళ్లు కాలి మీద పడతాయి, ఆ కాలు నేలకు సరిగా అందదు.

మలుపులో బండిని మోసేది వేగమే. మూడు మీటర్ల వ్యాసార్ధంతో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో తిరిగితే సుమారు 10 డిగ్రీలు వంగితే చాలు. 12 కిలోమీటర్లయితే 20 డిగ్రీలు దాటాలి. వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే, వంపు రెండింతలకు మించింది. తిరగేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 20 డిగ్రీలు వంగి ఉన్నప్పుడు వేగం ఉన్నట్టుండి పోతే ఆ వంపును మోసేవాడు ఉండడు. దర్వాజ మలుపులో గోడ దగ్గరికొచ్చినట్టు అనిపించి నేను చేసింది అదే: ముందు బ్రేకు పట్టాను. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి ఆగదు, కూర్చుంటుంది, అదీ లోపలి వైపుకు. మెత్తగా, ఏనుగు మోకరిల్లినట్టు.

మరి వేగాన్ని ఎలా పట్టుకోవాలి? హాఫ్ క్లచ్. రేజు కొంచెం ఇచ్చి కదపకుండా ఉంచాలి, క్లచ్ వేళ్లతో సగం పట్టి ఉంచాలి, కుడికాలితో వెనక బ్రేకును తాకీ తాకనట్టు తొక్కి ఉంచాలి. మూడూ ఒకేసారి. 452 సీసీ ఒంటి సిలిండర్ ఇంజన్ తక్కువ తిరుగుడులో కుదుపులిస్తుంది. జారే క్లచ్ ఆ కుదుపును మింగేస్తుంది, వెనక బ్రేకు గొలుసును బిగువుగా ఉంచుతుంది. క్లచ్ కాలిపోతుందని బెంగ వద్దు, ఈ బండిలో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, కాసేపు తట్టుకుంటాయి. బీఎండబ్ల్యూ పెద్ద జీఎస్‌లకు 2013 దాకా పొడి క్లచ్చే ఉండేది. వాళ్ల బెంగలో అర్థముంది.

ఒంటిని కూడా తిరగేసి వాడాలి. టీవీలో రేసుగాళ్లు మోకాలు రోడ్డుకు రాస్తూ లోపలికి వేలాడతారు. గంటకు 10 కిలోమీటర్ల దగ్గర అలా చేస్తే చూసేవాళ్లకు వినోదం తప్ప ఫలితం లేదు. ఇక్కడ బండిని లోపలికి వంచి, మనిషి బయటివైపు జరిగి నిటారుగా కూర్చోవాలి. మనిషి బరువు అటు తూగుతుంది కాబట్టి తక్కువ వేగంలోనూ బండి ఎక్కువ వంగగలదు, వంగినకొద్దీ చిన్న గీతలో తిరుగుతుంది. చూపు గోడ మీద కాదు, బయటపడే చోట ఉండాలి. సున్నం లేకుండా ఆ రాళ్లు ఎలా పేర్చారో దిగాక చూడొచ్చు.

కోతల కాలంలో ములుగు వైపు పల్లెదారుల్లో ఈ లెక్కలు కొంత మార్చుకోవాలి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. అక్కడ వంచడం మానేసి నడక వేగానికి దిగి, వీలైనంత వెడల్పుగా తిరగడమే. వడ్లను తొక్కినందుకు పడే తిట్లు వేరే.

ఆగడానికీ ఒక పద్ధతుంది. హ్యాండిల్ తిన్నగా చేశాకే బ్రేకు, కాలు పెట్టేది రోడ్డు ఎత్తుగా ఉన్న వైపు. 825 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చున్నవాడికి పల్లం వైపు కాలు చాపితే దొరికేది గాలే.

దర్వాజ మలుపులో ఆ రోజు రెండో ప్రయత్నంలో ఇంజన్ ఆగిపోయింది. మూడోసారి మలుపు సాఫీగా తిరిగాను. బయటపడేచోట గేదె అడ్డంగా నిలబడి ఉంది. హ్యాండిల్ తిన్నగా చేసి, బ్రేకు వేసి, ఎత్తు వైపు కాలు పెట్టి నిలబడ్డాను. అది తీరిగ్గా నెమరు వేసుకుంటోంది.