పరదేశమునుండి మరొక పరదేశమునకు

విదేశమున ఒక బంధువైన లేని ఇల్లు మన ప్రాంతములలో నానాటికి అరుదగుచున్నది. జగిత్యాల, నిజామాబాదు, కోనసీమ, కడప ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారు కలరు. చదువుకొరకు జర్మనీకి, ఉద్యోగముకొరకు అమెరికాకు పోయినవారును కలరు. ఇక్కడినుండి మనవాడు బయలుదేరునపుడు కావలసిన వీసాను గూర్చి ఇంటిల్లిపాదికిని కొంత తెలిసియే యుండును. కాని అక్కడ స్థిరపడి పనిచేయుచున్నవాడు ఇంకొక దేశమునకు పది దినములు పోయి రావలెనన్నచో ఎవరిని అడుగవలెను? తన దేశమువారినా, తానున్న దేశమువారినా, పోవలసిన దేశమువారినా? ఈ సందేహమును తీర్చుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

'వీసా' అను మాటకు మూలము లాటిను భాష. 'చూడబడిన పత్రము' అని దాని భావము. పాసుపోర్టు మన ప్రభుత్వము మనకిచ్చునది. 'ఇతడు మా పౌరుడు' అని చాటునది. వీసా ఎదుటి ప్రభుత్వమిచ్చునది. 'నీ పత్రమును చూచితిమి, మా వాకిటివరకు రావచ్చును' అని తెలుపునది. ప్రవాసికి ఈ రెండే గాక మూడవ పత్రమొకటి కలదు. అది అతడు నివసించుచున్న దేశమువారిచ్చిన నివాసానుమతి. ఇంటినుండి తిన్నగా బయలుదేరువానికి ఈ మూడవ పత్రముతో పనిలేదు. ప్రవాసికి మాత్రము ముందుగా చూచుకొనవలసినది ఇదియే.

మన పూర్వులకు ఈ చిక్కు లేకుండెను. కాకినాడ, విశాఖపట్టణము రేవులలో స్టీమరెక్కి రంగూనునకు కూలికి పోయిన వేలాది తెలుగువారు వీసా అను మాటనే వినలేదు. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. 1937 ఏప్రిలు 1న బర్మా వేరయినది. ఉన్నచోటనే ఉన్న మనవారు ఒక్క దినములో పరదేశవాసులైరి. పుట్టిన దేశమొకటి, నివసించు దేశమొకటి అను భేదము వారికి ఆనాడు తెలిసివచ్చినది. ఆ భేదమే నేటి ప్రవాసి వీసాకును ఆధారము.

విషయము సుబోధమగుటకు ఒక ఉదాహరణమును కల్పించుకొందము. జగిత్యాల వాస్తవ్యుడొకడు దుబాయిలో ఒక సంస్థయందు లెక్కలు వ్రాయు ఉద్యోగి. భార్య జగిత్యాలలో అత్తమామలను, చదువుకొనుచున్న కుమారుని చూచుకొనుచు ఇంటిపట్టున ఉన్నది. పెద్దకుమార్తె జర్మనీలోని ఆఖెన్ నగరమున చదువు ముగించి అక్టోబరులో పట్టము పుచ్చుకొనబోవుచున్నది. తల్లియు తండ్రియు ఆ దినమున సభలో కూర్చుండి చూడవలెనని కోరిక. ఏండ్ల తరబడి ఒకరికొకరు దూరముగా నుండి కూడబెట్టినది ఆ చదువుకే గదా! అట్టి దినము తప్పిపోయినచో మరల రాదు.

జర్మనీకి కావలసినది షెంగెన్ వీసా. 1985 జూను 14న లక్సెంబర్గులోని షెంగెన్ అను చిన్న గ్రామమువద్ద, మోజెల్ నదిపై ఒక పడవలో, ఐదు దేశముల ప్రతినిధులు ఒక ఒడంబడికపై సంతకములు చేసిరి. తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఉండరాదని దాని సారాంశము. 1995లో అది అమలునకు వచ్చినది. 2025 జనవరి 1 నాటికి బల్గేరియా, రుమేనియాలు పూర్తిగా చేరుటతో సభ్యదేశముల సంఖ్య 29 అయినది. బ్రిటను, ఐర్లండు ఇందులో లేవు. ఆఖెన్ నగరము జర్మనీ, బెల్జియము, నెదర్లాండ్సు కలియు చోటికి సమీపమున ఉన్నది. జర్మనీ ఇచ్చిన సాధారణ షెంగెన్ వీసాతోనే ఆ పొరుగు దేశములను కూడ చూచి రావచ్చును. కాని ఏ 180 దినముల కాలమున నైనను మొత్తము 90 దినములకు మించి ఈ దేశములలో ఉండరాదు. 2025 అక్టోబరు 12న ప్రారంభమైన యంత్రవిధానము రాకపోకల తేదీలను, వ్రేలిముద్రలను నమోదు చేయుచు ఈ లెక్కను సరిచూచును.

ఇక దరఖాస్తు ఎక్కడ పెట్టవలెను? 2009లో చేసిన ఐరోపా వీసా నియమావళి దీనికి స్పష్టముగా సమాధానము చెప్పుచున్నది. దరఖాస్తుదారుడు చట్టబద్ధముగా ఏ దేశమున నివసించుచున్నాడో, ఆ ప్రాంతముపై అధికారము గల కాన్సలేటునందే దరఖాస్తు పెట్టవలెను. పాసుపోర్టు ఏ దేశమువారిది అనునది ఇచ్చట ప్రశ్న కాదు. కావున మన ఉదాహరణములోని తండ్రి దుబాయిలో దరఖాస్తు పెట్టవలెను. తల్లి మన దేశమున పెట్టవలెను. ఒకే ఇల్లు, ఒకే ప్రయాణము, ఒకే పాసుపోర్టు జాతి. అయినను దరఖాస్తులు రెండు, కార్యాలయములు రెండు. ఒకరి దరఖాస్తు నకలును, వివాహ ధ్రువపత్రమును రెండవవారు జతపరచినచో, వేర్వేరు చోట్ల కూర్చున్న అధికారులకు ఇది ఒకే కుటుంబయాత్ర యని తెలియును.

సెలవుపై ఇంటికి వచ్చినపుడు హైదరాబాదులోనే పని ముగించుకొని పోదమని తండ్రి తలంచుట సహజము. కాని తాత్కాలికముగా వచ్చినవారి దరఖాస్తును, నివాసదేశమున పెట్టలేకపోవుటకు తగిన కారణము చూపిననే తీసికొందురు. సెలవు దొరకినది అనునది అంత బలమైన కారణము కాదు. ఈ ధోరణి ఐరోపాకు మాత్రమే పరిమితము కాదు. అమెరికాలో ఉద్యోగము చేయు మనవారు కొందరు వీసా ముద్రకై పొరుగుననున్న కెనడాకో మెక్సికోకో పోయి వచ్చుచుండిరి. పర్యాటకాది తాత్కాలిక వీసాలు కోరువారు తమ పౌరసత్వ దేశముననో, నివాసదేశముననో దరఖాస్తు పెట్టవలెనని అమెరికా ప్రభుత్వము 2025 సెప్టెంబరులో ప్రకటించినది.

నివాసదేశమునకు ఇంత ప్రాముఖ్యము ఏల? వీసా అధికారి మనస్సులో నుండు ప్రధానమైన ప్రశ్న ఒకటే: 'ఇతడు గడువు తీరకమునుపే తిరిగి పోవునా?' తిరిగి పోవుట యనగా ఎక్కడికి? మనకు తిరిగి వచ్చుట యనగా స్వగ్రామమే స్ఫురించును. అధికారికి మాత్రము తండ్రి విషయమున దుబాయి, తల్లి విషయమున జగిత్యాల. జగిత్యాలలో తండ్రికి మేడయు పొలమును ఉండవచ్చును; అవి అతని పక్షమున కొంత పలుకునే గాని, 'ఇతనికి దుబాయిలో మరల అడుగిడు హక్కును, చేయవలసిన పనియు కలవు' అనుటకు సాక్ష్యము కానేరవు. ఆ సాక్ష్యమిచ్చునవి నివాసానుమతియు యజమాని లేఖయు. ప్రవాసి వీసాలోని మర్మమంతయు ఇందే ఉన్నది.

కావున తండ్రి చేయవలసిన మొదటి పని టిక్కెట్టు కొనుట కాదు. తన ఎమిరేట్సు గుర్తింపు కార్డుపై గడువు తేదీ చూచుకొనుట. 2022 నుండి అక్కడ పాసుపోర్టులో అంటించు నివాసముద్రకు బదులు ఆ కార్డే నివాసమునకు నిదర్శనముగా చెల్లుచున్నది. ప్రయాణము ముగిసిన పిమ్మట ఇంకను మూడు నెలలైన నివాసానుమతి మిగిలి యుండవలెనని కాన్సలేటులు సాధారణముగా కోరుచుండును. అంత గడువు లేనిచో ముందుగా దానిని పునరుద్ధరించుకొని, ఆ పిమ్మటనే వీసా మాట తలపెట్టవలెను. పాసుపోర్టు విషయమున నియమములు మూడు: తిరుగుప్రయాణము తర్వాత మూడు నెలలు చెల్లవలెను, గడచిన పది సంవత్సరములలో ఇచ్చినదై యుండవలెను, రెండు పుటలైన ఖాళీగా నుండవలెను. పాసుపోర్టు చెల్లుబాటు చాలనిచో దుబాయిలోని మన కాన్సలేటు ద్వారానే క్రొత్తది పొందవచ్చును.

యజమాని లేఖలో ఉద్యోగి పేరు, హోదా, జీతము, ఎన్నాళ్లుగా పనిచేయుచున్నాడు, ఏ తేదీనుండి ఏ తేదీవరకు సెలవు మంజూరైనది, మరల ఏనాడు పనిలో చేరవలెను అను వివరములు ఉండవలెను. జీతము జమయగు బ్యాంకు ఖాతా పట్టీ దానితో సరిపోవలెను. దరఖాస్తునకు ముందు రోజున ఎవరివద్దనో పెద్దమొత్తము బదులు తెచ్చి జమచేయుట మేలు చేయదు; నెలనెలకు వచ్చు చిన్న జీతమే అధికారికి ఎక్కువ నమ్మకము కలిగించును. తల్లికి జీతము లేదు. ఆమె పక్షమున భర్త పంపు సొమ్ము చేరు ఖాతా, ఇంటి పత్రములు, చదువుకొనుచున్న కుమారుని పాఠశాల ధ్రువపత్రము పలుకును. కుమార్తె తన ఆహ్వానలేఖను, జర్మనీ నివాసానుమతి నకలును, విశ్వవిద్యాలయపు పత్రమును ఇరువురికిని పంపవలెను.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు పేరు. మన ఇంటిపేరు బడి పత్రములలో పొడియక్షరమై ముందు నిలుచును. పాసుపోర్టులో పూర్తిగా విప్పబడును. గల్ఫు కార్డుపై ఒక్కొకప్పుడు తండ్రిపేరుతో కలిసి నడుమకు చేరును. 'లక్ష్మి' అను పేరునే ఆంగ్లలిపిలో మూడు విధముల వ్రాయువారున్నారు. దరఖాస్తులో పాసుపోర్టుపై నున్న అక్షరములనే, ఆ వరుసలోనే వ్రాయవలెను. తక్కిన పత్రములలో భేదమున్నచో, ఆ పేర్లన్నియు ఒకే వ్యక్తివని తెలుపు అఫిడవిట్టును జతపరచుట మంచిది. పేరును తేలికగా తీసికొనరాదనుటకు ఒక నిదర్శనము: పాసుపోర్టులో ఒక్కటే పేరున్నవారిని సందర్శక వీసాపై రానీయమని ఎమిరేట్సు ప్రభుత్వము 2022 నవంబరులో ప్రకటించినది.

కాలనియమము కూడ గుర్తుంచుకొనదగినది. ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును. పదునైదు దినములకంటె తక్కువ వ్యవధిలో పెట్టరాదు. నిర్ణయమునకు సాధారణముగా 15 దినములు. విచారణ అవసరమైనచో 45 దినములవరకు పట్టవచ్చును. దరఖాస్తు ఇచ్చుటకు తేదీ దొరకుటకే వారములు పట్టుట కలదు. అక్టోబరు ఉత్సవమునకు ఏప్రిలు, మే నెలలలోనే పూనుకొనినవారు నిశ్చింతగా నుందురు. 2024 జూను 11 నుండి పెద్దవారికి రుసుము 90 యూరోలు. దరఖాస్తులు స్వీకరించు సంస్థ పుచ్చుకొను సేవారుసుము వేరు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్యబీమా తప్పనిసరి. ఒకమారు ఇచ్చిన వ్రేలిముద్రలు 59 నెలలవరకు తిరిగి ఉపయోగపడును.

రెండు మూడు దేశములు చూడదలచినచో, ఎక్కువ దినములు గడపు దేశమువారికే దరఖాస్తు పెట్టవలెను. దినములు సమానమైనచో మొదట అడుగుపెట్టు దేశమువారికి. జర్మనీ తేదీ దొరకలేదని, పోదలచుకొనని దేశము పేర వీసా పుచ్చుకొనుట తప్పుదారి. అట్లే దళారులు సమకూర్చు దొంగ హోటలు పత్రములు, దిద్దిన బ్యాంకు పట్టీలు కొంప ముంచును. ఒక దేశము నిరాకరించిన సంగతి సభ్యదేశములన్నిటికిని అందుబాటులో నుండు వీసా సమాచార వ్యవస్థలో నమోదై ఐదేండ్లు నిలుచును.

నిరాకరణము వచ్చినను నిరాశపడ నక్కరలేదు. కారణమును అచ్చుపత్రముపై గుర్తించి ఇయ్యవలెనని నియమము కలదు. జర్మనీ విషయమున పూర్వము కాన్సలేటునకే పునర్విచారణ కోరుచు వ్రాసికొను పద్ధతి యుండెను. 2025 జూలై 1 నుండి అది రద్దయినది. ఇప్పుడు న్యాయస్థానమునకు పోవుటయో, లోపమును సవరించి క్రొత్త దరఖాస్తు పెట్టుటయో మిగిలిన దారులు. సామాన్యునకు రెండవదియే సుకరము. అందుకైనను ముందుగా మేల్కొనుట అవసరము.

వీసా చేతికి వచ్చినంత మాత్రమున పని ముగియదు. సరిహద్దు అధికారి ప్రయాణకారణమును, తిరుగు టిక్కెట్టును మరల అడుగవచ్చును; కావున పత్రముల నకళ్లు పెట్టెలో గాక చేతిసంచిలో నుంచుకొనవలెను. ప్రయాణమునకు ముందే ఉద్యోగము పోయి నివాసానుమతి రద్దయినచో, వీసా ఇచ్చుటకు ఆధారమైన పరిస్థితియే మారినదని గ్రహింపవలెను. ఆరు నెలలకు మించి ఎమిరేట్సు వెలుపల నున్నచో సాధారణ నివాసానుమతి చెల్లకపోవును. జర్మనీనుండి ఇంటికి వచ్చి దీర్ఘకాలము నిలువదలచువారు ఈ లెక్క మరువరాదు.

నివాసభేదము ఫలములోను కనబడును. 2024 ఏప్రిలులో ఐరోపా సంఘము భారతీయులకు ఒక సౌకర్యము కల్పించినది. మూడేండ్లలో రెండు వీసాలు పొంది వానిని సక్రమముగా వినియోగించుకొనినవారికి రెండేండ్ల వీసాయు, ఆపై ఐదేండ్ల వీసాయు ఇయ్యవచ్చునని దాని తాత్పర్యము. అయితే అది భారతదేశమున నివసించుచు ఇక్కడనే దరఖాస్తు పెట్టువారికి. తల్లి ఒకనాటికి ఆ సౌకర్యమునకు అర్హురాలు కావచ్చును. అదే పాసుపోర్టు గల తండ్రికి, దుబాయిలో నున్నంతకాలము, సాధారణ నియమములే వర్తించును.

దూరముననున్న కుమారుడో అల్లుడో ఫోనులో ఇట్టి ప్రయాణమును గూర్చి చెప్పినపుడు, ఇంటిలోని పెద్దలు సాధారణముగా అడుగునది 'టిక్కెట్టు ఎంత అయినది?' అని. ఇకమీదట ఆ ప్రశ్నకు ముందు 'నీ నివాసపత్రము ఏ నెలవరకున్నది?' అని యడుగుదురుగాక. ఆ ఒక్క ప్రశ్న సకాలమున అడిగినచో, ఖర్చు మిగులుటయే గాక, పట్టము పుచ్చుకొను బిడ్డ కన్నులు సభలో వెదకునపుడు తల్లిదండ్రుల కుర్చీలు ఖాళీగా నుండవు.