రొయ్యకున్న పరీక్ష పుండుకు లేదు

సింగరాయకొండ చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య యూరప్ వెళ్లాలంటే పట్టుబడికి ముందే దానికి పరీక్ష చేయించాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయోటిక్‌ల జాడ లేదని సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబు కాగితం ఇస్తేనే సరుకు కదులుతుంది. అదే ప్రాంతంలో సిజేరియన్ అయిన బాలింతకు ఆరో రోజున కుట్లు ఎర్రబడి చీము కారిందనుకోండి. చిన్న ఊళ్లలో ఆ చీము ల్యాబుదాకా వెళ్లడం అరుదు. "ఇంజెక్షన్ మార్చి చూద్దాం" అంటారు. మారుస్తారు. తగ్గకపోతే మళ్లీ మారుస్తారు.

రెండు పరీక్షలూ ఒకటి కావన్నది నిజమే. రొయ్యలో వెతికేది మిగిలిపోయిన మందును. చీములో వెతకాల్సింది సూక్ష్మజీవిని: అది ఏ జాతిది, ఏ మందుకు లొంగుతుంది, ఏ మందును లెక్కచేయదు అన్నది తేలాలి. కల్చర్ పరీక్ష అనేది దీన్నే. రెండు మూడు రోజుల పని. సింగరాయకొండ నుంచి ల్యాబులున్న ఒంగోలు సుమారు ముప్పై కిలోమీటర్లే, హైవే పక్కనే ఊరు. కాబట్టి దూరం సాకు కాదు. ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కాగితం చూపించమన్నాడు గనుక రొయ్యకు పరీక్ష వచ్చింది. బాలింత తరఫున అలా నిలదీసేవాళ్లు లేరు.

బాలింతతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, మన దగ్గర కత్తి ఎక్కువగా పడేది వాళ్ల మీదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. షుగరు, రక్తహీనత ఉంటే కుట్లు చీము పట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. దానికి తోడు మన పథ్యాలు. పప్పు తింటే చీము పడుతుందని కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గాయం పూడటానికి ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు ఉండేది ఆ పప్పులోనే! చీము మాత్రం అందులోంచి రాదు.

చీము వచ్చే దారులు వేరు. స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి మన ముక్కులో, చర్మం మీద కాపురం ఉంటుంది. ఈ.కోలి, క్లెబ్సియెల్లా పేగుల్లోవి. సూడోమోనాస్, అసినిటోబాక్టర్ ఆస్పత్రి సింకుల్లో, తడి మూలల్లో బతుకుతాయి. ఇవి మందును తట్టుకునే జన్యువులను పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతికీ అందించగలవు. చివరి ఆయుధాలుగా దాచుకున్న మెరోపెనెమ్ తరహా మందులను కూడా విరగ్గొట్టే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమును భారత్‌లో చికిత్స పొందివెళ్లిన స్వీడన్ రోగిలో కనుగొన్నట్టు 2009లో ప్రకటించారు. ఆ తర్వాత అది ఎన్నో దేశాలు తిరిగింది.

అసలు చిక్కు మందు బలంలో కంటే అది పడే వేళలో ఉంది. 1961లో అమెరికన్ సర్జన్ జాన్ బర్క్ గినీ పందుల మీద ఒక ప్రయోగం చేశారు. సూక్ష్మజీవి చర్మంలోకి చేరే వేళకు ఒంట్లో మందు ఉంటే అది నిలబడలేకపోయింది. మూడు గంటలు దాటాక ఇస్తే ఇవ్వనట్టే అయింది. 1992లో అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీలో 2,847 మంది రోగుల లెక్క తీశారు. కోతకు ముందు రెండు గంటల లోపు మందు పడినవారిలో 0.6 శాతానికే గాయం చెడింది. కోత తర్వాత మూడు గంటలు దాటాక పడినవారిలో 3.3 శాతానికి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ ఇదే: ముందు జాగ్రత్త మందు కోతకు ముందే ఇవ్వండి, ఆపరేషన్ ముగిశాక పొడిగించకండి, రేజరుతో గొరగకండి.

మన దగ్గర లెక్క తలకిందులు. ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు పూటకో సూది, ఇంటికెళ్లేటప్పుడు ఇంకో ఐదు రోజులకు మాత్రలు. అన్ని మందులు పడితేనే బాగా చూశారన్న నమ్మకం మనకూ ఉంది. ఎన్ని వాడితే ఒంట్లో అన్ని మొండి జాతులు ఏరుకుని మిగులుతాయి. డాక్టర్లకు ఈ సంగతి తెలియదనుకోను. తమ ఆపరేషన్ థియేటర్ మీద తమకే పూర్తి నమ్మకం లేనప్పుడు చేతిలో ఉన్న ధైర్యం ఆ సూదే. ఆ ధైర్యం ఎంత డొల్లదో ఇబ్రహీంపట్నం చూపించింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లాలోని ఆ ప్రభుత్వాస్పత్రిలో 34 మంది ఆడవాళ్లకు ఒకే రోజు ల్యాప్రోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. తర్వాత చర్చంతా ఇన్‌ఫెక్షన్ మీద, పరికరాల శుద్ధి మీద నడిచింది.

ల్యాప్రోస్కోపీ మాట వచ్చింది గనుక ఇంకో సంగతి. గొట్టం దూర్చిన చోట గాయం మానిపోయి, నెల తిరిగాక గడ్డలా లేచి చీము కారే జబ్బు మన దేశంలో సర్జన్లందరికీ తెలుసు. క్షయ క్రిమికి దాయాదులైన మైకోబ్యాక్టీరియాలు దీనికి కారణం. మామూలు యాంటీబయోటిక్‌లకు లొంగవు, మామూలు కల్చర్‌లో తేలిగ్గా దొరకవు. పరికరాలను మందునీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత కుళాయి నీళ్లతో కడిగితే చాలు, అవి ఎక్కి కూర్చుంటాయి. నెలల తరబడి మందులు వాడాలి. ఎంత ఖరీదైన ఇంజెక్షన్ రాసినా ఆ నీళ్ల తప్పును దిద్దలేదు.

యాంటీబయోటిక్‌ల ఈ కథలో మన భీమవరం మనిషి కూడా ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల వంశంలో మొదటిది. అదే ఏడాది ఆయన కన్నుమూశాడు. మరో రెండేళ్లకు, 1950లో, ఆ మందు కలిపిన దాణాతో కోడిపిల్లలు త్వరగా బరువు పెరుగుతాయని అదే సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనుషుల ప్రాణాలు కాపాడే మందు అలా మేతలోకి దిగింది. జబ్బు లేకున్నా చెరువుకు, కోళ్ల ఫారానికి యాంటీబయోటిక్ వేసే అలవాటుకు వేరు అక్కడుంది. కోలిస్టిన్ అనే చిట్టచివరి మందును సైతం కోళ్ల దాణాల్లో వాడుతుంటే 2019 జులైలో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది.

మందుల షాపులకూ నిబంధన ఉంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద పెద్ద యాంటీబయోటిక్‌లు చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాయాలి. మూడు మాత్రలు అడిగితే మూడు కత్తిరించి ఇచ్చే కౌంటర్ల ముందు ఆ నిబంధన ఎంత నిలబడుతుందో పాఠకులకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి కుట్లు చీము పట్టినప్పుడు ఇంట్లోవాళ్లు అడగాల్సినవి ఉన్నాయి. కొత్త మందు మొదలుపెట్టకముందే చీము తీసి కల్చర్‌కు పంపారా? మందు పడ్డాక తీస్తే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. పైపైన దూదితో తుడిచిందా, లోపలి నుంచి సూదితో లాగిందా? రెండోదే నమ్మదగ్గది. రిపోర్టు వచ్చాక మందు మార్చారా, లేక అది ఫైల్లోనే ఉండిపోయిందా? ఇక ఆపరేషన్‌కు వెళ్లే రోజున అడగాల్సింది ఒక్కటే: కోతకు ముందు ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇస్తారు?