పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: పనులను గాడిలో పెట్టుకోవడం ఎలా?

ఏడీహెచ్‌డీ అనగానే తరగతిలో కుదురుగా కూర్చోని పిల్లాడు గుర్తుకొస్తాడు. ఆ పిల్లాడు పెరిగి దుకాణం పెడతాడు, ఉద్యోగం చేస్తాడు, నలుగురికి సాయం చేసే స్థితికి వస్తాడు. సమస్య మాత్రం చాలామందిలో బడితో పోదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే పెద్దవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. ఈ సంచిక చదివే వారిలోనో, వారి ఇంట్లోనో, దుకాణంలో పనిచేసేవారిలోనో ఒకరిద్దరు ఉండే ఉంటారు.

పూర్తి పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్. దీన్ని 'శ్రద్ధ లోపం' అని తెలుగు చేస్తే సగం అర్థమే వస్తుంది. ఈ మనుషులకు శ్రద్ధ ఉంటుంది, కావలసిన పని మీదికి దాన్ని తిప్పడమే కష్టం. ఇష్టమైన పనికి, నెత్తి మీదికొచ్చిన పనికి అది దానంతటదే వస్తుంది. మెల్లగా, రోజూ, ఎవరూ అడగకుండా చేయాల్సిన పనికి రాదు.

మరిపెడ బంగ్లా సెంటర్‌లో దుకాణం నడిపే ఒకాయన సంగతి చెబుతాను. పేరు, ఏ దుకాణం అన్నది అక్కర్లేదు. పత్తి, మిర్చి సీజన్‌లో ఆయన పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. ఏ రైతుకు ఏ సరుకు కావాలో నోటికి చెబుతారు. సీజన్ అయిపోయాక కథ మారిపోతుంది. ఉద్దెర లెక్కలు చీటీల మీద, చీటీలు చొక్కా జేబుల్లో. జీఎస్టీ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు పడుతుందని ఆయనకు తెలుసు. అయినా ప్రతి నెలా కడతారు. ఒక ఏడాది, తండ్రి లేని ఒక అమ్మాయి ఫీజు తానే కడతానని జనవరిలో మాటిచ్చారు. హాల్ టికెట్లు ఇచ్చే రోజు ఆ అమ్మాయి తల్లి దుకాణం మెట్ల మీద నిలబడేదాకా ఆ సంగతి గుర్తుకు రాలేదు. పైసలు గల్లాలోనే ఉన్నాయి. మనసు కూడా ఉంది. "ఇచ్చే ఉద్దేశం లేకపోతే అప్పుడే చెప్పాల్సింది కదా భాయ్" అందట ఆ తల్లి. ఆమె అలా అనుకోవడంలో తప్పేముంది?

ఇలాంటివారి మీద బద్ధకస్తుడనో, మాట మీద నిలబడడనో ముద్ర పడుతుంది. కొన్నాళ్లకు వాళ్లే దాన్ని నమ్ముతారు. ఆడవాళ్లలో ఇంకో చిక్కు ఉంది. వారిలో తరచుగా బయటికి కనిపించే అల్లరి తక్కువ, లోపలి పరధ్యానం ఎక్కువ. కాబట్టి బడిలోనూ గుర్తించరు, పెళ్లయ్యాక 'ఇల్లు సర్దడం చేతకాదు' అన్న మాట మిగులుతుంది.

ఇది ఈ మధ్య సెల్‌ఫోన్లు తెచ్చిన జబ్బు అనుకునేవారు చాలామంది. 1902లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. ఇప్పుడున్న పేరు 1987లో వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథాన్ని సవరించినప్పుడు పెద్దవారి కొలతను కొంచెం మార్చింది. పిల్లల్లో ఆరు లక్షణాలు చూస్తే, 17 ఏళ్లు దాటినవారిలో ఐదు చాలు. అయితే కొన్ని లక్షణాలు 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. నిరుడు మొదలైన మతిమరుపు ఏడీహెచ్‌డీ కాదు. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు జబ్బు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. ముందు అవి చూడాలి. ఇది కుటుంబాల్లో వారసత్వంగా నడిచేది కూడా. కొడుకును డాక్టర్‌కు చూపించడానికి వెళ్లిన తండ్రి, అక్కడి ప్రశ్నలు వింటూ తన సంగతి తెలుసుకోవడం అరుదు కాదు.

రస్సెల్ బార్క్‌లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని విడమరిచిన తీరు నాకు నచ్చింది. ఏం చేయాలో వీళ్లకు తెలుసు, తెలిసినదాన్ని తగిన వేళకు చేయడం దగ్గరే ఆగిపోతారు అంటారాయన. అలాంటప్పుడు హితబోధ వల్ల ఉపయోగం ఉండదు. తెలిసిన విషయాన్నే మళ్లీ చెప్పినట్టు అవుతుంది. పని ఎక్కడ, ఎప్పుడు జరగాలో సాయం కూడా అక్కడే, అప్పుడే అందాలి. "కరెంటు బిల్లు మరచిపోకండి" అని పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి ఉండదు. బిల్లు బండి తాళం కింద పెడితే, తాళం తీసినప్పుడు చేతికి తగులుతుంది. ఇంట్లోవారు గొంతు పెంచడం కంటే ఇది సులువు.

గుర్తు చేయడానికి బయటి గడియారం కావాలి. మనకు అది రోజుకు ఐదుసార్లు ఉచితంగా వినిపిస్తోంది. పైన చెప్పిన దుకాణదారు 'రోజూ లెక్కలు రాయాలి' అన్న తీర్మానాన్ని వదిలేసి, 'జుహర్ నమాజు నుంచి వచ్చాక, అన్నం తినేముందు పది నిమిషాలు' అని పెట్టుకున్నారు. అజాన్‌ను ఆయన గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అదే వచ్చి పిలుస్తుంది. ఆ పది నిమిషాలూ ఇంటర్ చదివే మేనల్లుడు పక్కన కూర్చుని తన పుస్తకం తాను చదువుకుంటాడు. లెక్కల్లో వేలు పెట్టడు. పక్కన ఒక మనిషి ఉంటేనే చాలామందికి పని సాగుతుంది. ఎందుకో వాళ్లూ సరిగ్గా చెప్పలేరు.

జేబుల్లో చీటీలకు విరుగుడు ఒకే పుస్తకం. రెండో పుస్తకం వచ్చిందంటే పని చెడినట్టే. స్టీవెన్ సాఫ్రెన్ బృందం అమెరికాలో 86 మంది పెద్దల మీద జరిపిన పరిశోధన 2010లో అక్కడి వైద్య సంఘం పత్రికలో వచ్చింది. వాళ్లంతా అప్పటికే మందులు వాడుతున్నా ఇబ్బందులు మిగిలినవారు. ఒక జట్టుకు పనుల పట్టిక రాయడం, పెద్ద పనిని ముక్కలు చేయడం, దృష్టి చెదరకుండా చూసుకోవడం నేర్పారు. ఇంకో జట్టుకు ఒళ్లు సడలించే పద్ధతులు నేర్పారు. మొదటి జట్టువారు ఎక్కువ బాగుపడ్డారు, ఆ మేలు నెలల తర్వాత కూడా నిలిచింది.

అందులో ఒక కిటుకు ఎవరైనా వాడుకోవచ్చు. మీ దృష్టి ఆగేది పదిహేను నిమిషాలే అనుకోండి, ఫోన్‌లో అంతకే టైమర్ పెట్టండి. మధ్యలో 'గోదాము తాళం వేశానా?', 'బావమరిదికి ఫోన్ చేయాలి' అని తోస్తే లేవకుండా పక్కన కాగితం మీద రాయండి. టైమర్ మోగాక కాగితం చూస్తే, అందులో చాలావాటికి తొందర లేదని కనిపిస్తుంది. అలాగే పట్టికలో 'జీఎస్టీ' అని రాస్తే ఆ పని ఎన్నటికీ మొదలవదు. 'ఈ నెల బిల్లులు ఒక కవరులో వేయాలి' అని రాస్తే చేయి కదులుతుంది.

కొన్నిటిని అసలు మనిషి చేతిలో నుంచే తీసేయాలి. నెలనెలా ఎవరికైనా ఇస్తానన్న సొమ్ముకు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసిస్తే ఆ తేదీకి అదే వెళ్తుంది. హాల్ టికెట్ సంఘటన తర్వాత ఆ దుకాణదారు చేసిన మొదటి పని ఇదే.

మూడు వారాలకు కొత్త పద్ధతి పాతబడుతుంది, పుస్తకం మూలన పడుతుంది. అప్పుడు ఓడిపోయామనుకోకుండా పుస్తకం రంగు మార్చినా, చోటు మార్చినా సరే, మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఖరీదైన ప్లానర్ డైరీలు కొనవద్దంటాను. ఇరవై రూపాయల నోట్‌బుక్ పోయినా బాధ లేదు.

మందుల గురించి కూడా చెప్పాలి. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్, అటామోక్సెటిన్ దొరుకుతాయి. మొదటిది ఆ రోజే పనిచేస్తుంది, రెండోదానికి వారాలు పడుతుంది. బీపీ, గుండె సంగతి చూశాకే డాక్టర్ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావివి. ఆకలి తగ్గించే గుణం ఉంది కనుక, ఉపవాసాలుండేవారు రంజాన్‌కు ముందే మందు వేళల గురించి డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

మన ప్రాంతంవారికి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. అంత దూరం వెళ్లేముందు మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబర్‌లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా చేయవచ్చు. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లండి. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత ప్రోగ్రెస్ కార్డులుంటే అవి కూడా. 'తెలివైనవాడు, నిలకడ లేదు' అని ఐదో తరగతి సారు రాసిన ఒక్క వాక్యం డాక్టర్‌కు చాలా ఉపయోగపడుతుంది.