పీఎక్స్‌ఈ బూట్

2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో కూలబడ్డాయి. వాటిని బాగుచేయడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ తిరగాల్సిన పరిస్థితి. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ తన మరమ్మతు సాధనంలో మరో దారి కూడా చేర్చింది. అదే పీఎక్స్‌ఈ, అంటే ప్రీబూట్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్. యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచే బూట్ చేసే ఈ పద్ధతిని 1990ల చివర్లో ఇంటెల్ రూపొందించింది.

హార్డ్‌డిస్క్ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. స్విచ్ వేయగానే నెట్‌వర్క్ కార్డులోనో ఫర్మ్‌వేర్‌లోనో ఉన్న చిన్న ప్రోగ్రామ్ మేల్కొని, తనకో ఐపీ అడ్రస్ కావాలని, బూట్ ఫైలు ఎక్కడుందో చెప్పమని లోకల్ నెట్‌వర్క్ అంతటినీ అడుగుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ ఆ రెండూ చెబుతుంది. యంత్రం టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి ద్వారా బూట్‌లోడర్‌ను దించుకుంటుంది, దాని వెనకే ఇన్‌స్టాలర్ వస్తుంది. టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్కలు పంపుతుంది. ఒకటి అందిందని కబురు వచ్చాకే రెండోది. పెద్ద ఫైళ్లకు ఇది మరీ నిదానం. అందుకే కొత్త యంత్రాల్లో హెచ్‌టీటీపీ బూట్ వచ్చింది.

కాలేజీ ల్యాబుల్లో, డేటా సెంటర్లలో పీఎక్స్‌ఈ ఎంత శ్రమ తగ్గిస్తుందో చెప్పనక్కర్లేదు. కానీ నన్ను కలవరపెట్టేది దాని గుడ్డి నమ్మకం: జవాబిచ్చింది అసలు సర్వరో కాదో యంత్రం అడగదు. 2024 జనవరిలో క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకులు ‘పిక్సీఫెయిల్’ పేరుతో ఈ బూట్ దశలో వాడే నెట్‌వర్క్ కోడ్‌లో తొమ్మిది లోపాలు బయటపెట్టారు. ఇన్‌స్టాలేషన్‌కు వేరే వీల్యాన్ (విడిగా ఉండే వర్చువల్ నెట్‌వర్క్) కేటాయించడం, సెక్యూర్ బూట్‌ను ఆన్‌లో ఉంచడం కనీస జాగ్రత్తలు.