పద్నాలుగో వాల్ట్జ్

1950 సెప్టెంబర్ 16. స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఫ్రెంచి పట్టణం బెజాన్సాన్. అక్కడి సంగీతోత్సవంలో ఆ రోజు కచేరీ రుమేనియా పియానిస్టు దిను లిపట్టిది. వయసు 33. వద్దని డాక్టర్లు చెప్పి చూశారు. మాటిచ్చాను కాబట్టి వాయించి తీరాలన్నాడు. మెట్లెక్కడానికే ఆయాసపడుతున్న మనిషి వేదిక మీదికి వచ్చి పియానో ముందు కూర్చున్నాడు.

ఆ కచేరీ రికార్డింగు ఉంది. అందులో మొట్టమొదట వినబడేది బాఖ్ కాదు. బాఖ్ పార్టిటా మొదలుపెట్టేముందు లిపట్టి మీటల మీద చేతులు అలా పారించి, ఆ రచన ఏ శ్రుతిలో ఉందో ఆ స్వరాలనే కిందినుంచి పైదాకా ఓసారి పలికిస్తాడు. మన గాయకులు కీర్తన ఎత్తుకునేముందు రాగాన్ని కాస్త తడిమి చూసుకున్నట్టే ఉంటుంది. పాత తరం యూరప్ పియానిస్టులకు ఉన్న అలవాటిది. నాకు ఆ కచేరీ మొత్తంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించే క్షణం అదే. రాసిపెట్టిన సంగీతం ఇంకా మొదలు కాలేదు, ఓ మనిషి తన చేతులు ఎలా ఉన్నాయో చూసుకుంటున్నాడు.

బాఖ్ తరవాత మొజార్ట్, ఆపైన షూబర్ట్. చివరికి షోపాన్ వాల్ట్జులు. మొత్తం 14 వాయించాలనుకున్నాడు. 13 వాయించాడు. పద్నాలుగోదానికి ఒంట్లో సత్తువ చాల్లేదు. డిసెంబర్ 2న జెనీవా దగ్గర కన్నుమూశాడు. హాడ్కిన్స్ వ్యాధి.

ఈ కథ తెలిశాక ఆ వాల్ట్జుల్లో ఎవరికైనా మరణమే వినిపిస్తుంది. నేనూ ఏళ్లపాటు అలాగే విన్నాను. ఇప్పుడు మాత్రం ఆ చావును పక్కన పెట్టి వినాలని గట్టిగా అనిపిస్తోంది. ఎందుకంటే ఈ 14 వాల్ట్జులనూ లిపట్టి అదే ఏడాది జూలైలో, జెనీవా రేడియో స్టూడియోలో పూర్తిగా రికార్డు చేశాడు. అప్పుడే కొత్తగా వచ్చిన కార్టిజోన్ మందు కొన్ని వారాలపాటు బలాన్నిచ్చింది. ఆ అవకాశం జారిపోకముందే నిర్మాత వాల్టర్ లెగ్గ్ రికార్డింగు సరంజామాతో జెనీవా చేరుకున్నాడు. ఆ రికార్డులో జాలిపడాల్సింది ఏమీ లేదు. చురుకుదనం ఉంది, చనువు ఉంది, ఎక్కడ ఎంత చెప్పాలో తెలిసిన మనిషి నిబ్బరం ఉంది.

వాల్ట్జ్ అంటే మూడు దెబ్బల నాట్యం. తకిట, తకిట అని లెక్కపెట్టుకోవచ్చు. ఎడమచెయ్యి మొదటి దెబ్బకు కింది స్వరం పట్టుకుని, మిగతా రెండు దెబ్బలకూ పైకి వచ్చి స్వరగుచ్ఛాలు మోగిస్తుంది. కుడిచెయ్యి పాట పాడుతుంది. షోపాన్ 1830లో వియన్నా వెళ్లాడు. ఊరంతా స్ట్రౌస్, లానర్‌ల వాల్ట్జులతో ఊగిపోతున్న కాలమది. అయినా వియన్నా వాల్ట్జ్ తనకు అబ్బలేదని ఇంటికి ఉత్తరం రాసుకున్నాడు. ఆయన వాల్ట్జులు కాళ్ల కోసం రాసినవి కావు. బతికుండగా అచ్చు వేయించినవి ఎనిమిదే. మిగతావి ఎవరికో కానుకగా రాసిచ్చినవి, పెట్టెలో దాచుకున్నవి, ఆయన పోయాక బయటికొచ్చినవి.

నాట్యం కోసం కాని నాట్య సంగీతాన్ని ఎలా వాయించాలి? పియానిస్టుకు ఇదే అసలు చిక్కు. లయ బిగిస్తే గడియారమవుతుంది, వదిలేస్తే నాట్యమే మిగలదు. ఎడమచెయ్యి బృందాన్ని నడిపించే పెద్దలా నిలకడగా ఉండాలని, కుడిచేతికి స్వేచ్ఛ ఉండాలని షోపాన్ శిష్యులకు చెప్పేవాడట. ఆ స్వేచ్ఛ పేరే రుబాటో. దొంగిలించిన కాలం అని అర్థం. ఓ స్వరం దగ్గర కాసేపు ఆగి, తరవాతి స్వరాల్లో ఆ బాకీ తీర్చెయ్యడం. మన పాటలో తాళం వేసే చెయ్యి కదలకుండా, గొంతు మాత్రం దెబ్బకు కాస్త ముందో వెనకో పడటం చిన్నప్పటినుంచీ వింటున్నవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు.

ఓపస్ 42, ఎ-ఫ్లాట్ వాల్ట్జ్ చూడండి. ఒక్కో ఆవర్తానికి కుడిచేతిలో ఆరు చిన్న స్వరాలు. ఎడమచెయ్యి ఆ కాలాన్ని మూడు దెబ్బలుగా నడిపిస్తుంటే, కుడిచెయ్యి ఆరింటినీ మూడేసి చొప్పున రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపు మొదటి స్వరంతో పాట పాడుతుంది. అంటే కింద మూడు, పైన రెండు. మృదంగం నేర్చుకునే పిల్లాడికి చెప్పినా కళ్లు పెద్దవి చేసుకుని వింటాడు. చాలామంది ఇక్కడ పైపాటను గట్టిగా నొక్కి చెప్పి, మిగతా స్వరాలను నురగలా వదిలేస్తారు. లిపట్టి అలా వదలడు. ఆరు స్వరాలూ విడివిడిగా వినిపిస్తాయి, పాటా వినిపిస్తుంది, కింద మూడు దెబ్బలూ వినిపిస్తాయి. అంత వేగంలో ఇదెలా కుదిరిందో తెలుసుకోవాలని నేను ఆ మొదటి నిమిషాన్నే పదేపదే వింటుంటాను.

సి-షార్ప్ మైనర్ వాల్ట్జ్, ఓపస్ 64లో రెండోది, మరోలాంటి పరీక్ష. మొదటి పాటలో పోలండ్ మజుర్కా ఛాయ ఉంది. దాని వెంట వడిగా సాగే స్వరాల దండ వస్తుంది. రచన పూర్తయ్యేలోగా ఆ దండ మొత్తం మూడుసార్లు వినిపిస్తుంది. వేళ్ల వేగం చూపించుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. లిపట్టి దగ్గర అది మాట తడబడకుండా తనలో తాను చెప్పుకుంటున్నట్టుంటుంది. వేగం పెరుగుతుంది, తొందర మాత్రం వినబడదు.

లిపట్టి గురువుల్లో ఒకరైన అల్ఫ్రెడ్ కోర్తో అనే పియానిస్టు 1934లో ఇవే వాల్ట్జులు రికార్డు చేశాడు. కోర్తో స్వేచ్ఛ వేరు. అక్కడక్కడా స్వరాలు తప్పుతాయి, మరుక్షణం ఎవరూ ఊహించని మెరుపు మెరుస్తుంది. 1933లో వియన్నా పియానో పోటీలో లిపట్టికి రెండో బహుమతి ఇచ్చారని నిరసనగా న్యాయనిర్ణేతల బృందం నుంచి తప్పుకున్నది ఈయనే. అంత అభిమానించిన గురువు బాణీని శిష్యుడు అనుకరించలేదు. తరవాత 1963లో పియానిస్టు రూబిన్‌స్టీన్ చేసిన రికార్డులో వాల్ట్జులు దర్జాగా, విశాలమైన హాల్లో మోగుతున్నట్టుంటాయి. నాకు అదీ ఇష్టమే. కానీ ఒక గదిలో ఒక్కరి కోసం వాయిస్తున్నట్టు వినిపించేది లిపట్టే.

ఆ తేలికదనం వెనక ఎంత చాకిరీ ఉందో రికార్డు వింటే తెలియదు. బీథోవెన్ ‘ఎంపరర్’ కాన్సర్టో వాయించమంటే సిద్ధపడటానికి ఏళ్ల గడువు అడిగిన మనిషాయన. అన్ని ఏళ్లు ఆయన దగ్గర లేవు.

వాల్ట్జుల వరుస కూడా లిపట్టి సొంతంగా పేర్చుకున్నదే. అచ్చు పుస్తకంలో రెండోదిగా ఉండే ఎ-ఫ్లాట్ వాల్ట్జ్‌ను, ఓపస్ 34లో మొదటిదాన్ని, జూలై రికార్డులో అన్నిటికన్నా చివర పెట్టాడు. బెజాన్సాన్‌లో చేతులు సాగక ఆగిపోయిందీ దాని దగ్గరే. అందుకే ఆ కచేరీ విన్న ప్రతిసారీ, 13వది అయిపోయి చప్పట్లు సద్దుమణిగాక, నేను జెనీవా రికార్డు పెట్టి చివరి వాల్ట్జ్ వింటాను. పక్క గదిలోంచి జనాన్ని నాట్యానికి రమ్మని పిలుస్తున్నట్టుగా ఓ చిన్న ఉపోద్ఘాతం. ఆ వెంటనే ఎడమచెయ్యి మొదటి దెబ్బ వేస్తుంది.