చర్మం మందు నరాల జబ్బుకు ఎలా వచ్చింది?

బందరులోనో గుడివాడలోనో ఒక అమ్మాయికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలుతుంది. వాడుకలో ఎంఎస్. విజయవాడ న్యూరాలజిస్టు డైమిథైల్ ఫ్యూమరేట్ క్యాప్సూల్స్ రాసిస్తారు. ఇంటికొచ్చాక బంధువుల్లో ఒకరు ఫోన్లో వెతికి, "ఇది సోరియాసిస్ మందట కదా, నీకెందుకు రాశారమ్మా?" అంటారు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంటుంది. మందు మానేద్దామా అన్న మాట కూడా వస్తుంది. ఆ అనుమానం సహజమే కాబట్టి దానికి నిదానంగా జవాబు చెప్పుకోవాలి.

రెండు జబ్బులు, ఒకే తప్పు

సోరియాసిస్‌లో మోచేతులు, మోకాళ్లు, తల మీద ఎర్రటి మచ్చలు లేచి తెల్లటి పొలుసులు రాలతాయి. ఇది తామర కాదు, అంటుకోదు. అయినా పల్లెల్లో ఇప్పటికీ ఇలాంటివాళ్లకు కంచం, తువ్వాలు వేరుగా పెట్టే ఇళ్లున్నాయి. ఇందులో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే చర్మాన్ని రెచ్చగొడతాయి. నెల రోజులు పట్టాల్సిన చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే జరిగిపోయి, కణాలు పేరుకుపోతాయి.

ఎంఎస్‌లో అవే కణాలు మెదడు, వెన్నుపాముల మీద పడతాయి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల పోగులకు మైలిన్ అనే పొర ఉంటుంది. అది దెబ్బతింటే కబురు దారిలోనే తప్పిపోతుంది. ఒక కన్ను మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడకలో తూలుడు వస్తుంది, మూత్రం ఆగదు. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య మొదలయ్యే ఈ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువ. చాలామందిలో కొన్ని వారాలు బాధపెట్టి దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే "నరాల బలహీనత" అనుకుని బలానికి ఇంజెక్షన్లు వేయించుకుంటూ విలువైన కాలం పోగొట్టుకుంటారు. ఒంట్లో వేడి పెరిగితే పాత లక్షణాలు తిరగబెట్టడం కూడా ఉంది. రోహిణి కార్తెలో నాగాయలంక వైపు రొయ్యల చెరువు గట్టున పని చేసే మనిషికి చూపు మసకబారి, నీడకు వచ్చి చల్లబడ్డాక సర్దుకుంటే, అది కేవలం వడదెబ్బ అని కొట్టిపారేయకూడదు.

తప్పు ఊహ, ఒప్పు మందు

ఈ మందు కథ 1959లో జర్మనీలో మొదలైంది. వాల్టర్ ష్వెకెన్‌డీక్ అనే రసాయన శాస్త్రవేత్తకు సోరియాసిస్ ఉండేది. శరీరంలో ఫ్యూమరిక్ ఆమ్లం లోపించడం వల్లే ఈ జబ్బు వస్తోందని ఊహించి, దాని రూపాలను తన మీదే ప్రయోగించుకున్నాడు. ఊహ తర్వాత నిలబడలేదు గానీ మందు మాత్రం పని చేసింది. 1994లో జర్మనీ 'ఫ్యూమాడెర్మ్' పేరుతో ఫ్యూమరేట్ల మాత్రలను సోరియాసిస్‌కు అనుమతించింది.

రోగనిరోధక కణాల దూకుడును తగ్గించే మందు ఎంఎస్‌లోనూ పని చేస్తుందేమోనన్న ఆలోచన జర్మన్ న్యూరాలజిస్టులకు వచ్చింది. 2006లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో పది మంది ఎంఎస్ రోగులకు ఫ్యూమాడెర్మ్ ఇస్తే, ఎంఆర్ఐలో కొత్త మంట మచ్చలు తగ్గాయి. పది మందితో ఏదీ రుజువు కాదు, ముందుకు వెళ్లడానికి ధైర్యం మాత్రం వస్తుంది. అదే ఏడాది బయోజెన్ సంస్థ ఫ్యూమాడెర్మ్ వెనకున్న ఫ్యూమాఫార్మ్ కంపెనీని కొనేసింది. ఆ మాత్రల్లోని ఫ్యూమరేట్లలో ఒక్క డైమిథైల్ ఫ్యూమరేట్‌నే తీసుకుని పెద్ద పరీక్షలకు దిగింది.

'డిఫైన్', 'కన్‌ఫర్మ్' అనే ఆ రెండు పరీక్షల ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. వెయ్యి మందికి పైగా పాల్గొన్న డిఫైన్‌లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో రెండేళ్లలోపు 46 శాతం మందికి జబ్బు తిరగబెడితే, రోజుకు రెండుసార్లు అసలు మందు తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికే తిరగబెట్టింది. 2013 మార్చిలో అమెరికా దీన్ని ఎంఎస్‌కు అనుమతించింది. ఇది జబ్బును మాన్పదు, మళ్లీ మళ్లీ వచ్చే దాడులను తగ్గిస్తుంది. ఎంఎస్‌లో అంగవైకల్యాన్ని ఆలస్యం చేయాలంటే అదే పెద్ద సాయం.

కణాల్లో ఈ మందు చేసే పని ఇంకా పరిశోధనలో ఉంది. కణం తనను తాను కాపాడుకునే ఎన్ఆర్ఎఫ్2 అనే మార్గాన్ని మేల్కొలుపుతుంది. రెచ్చిపోయిన రోగనిరోధక కణాలు చక్కెరను శక్తిగా వాడుకునే తీరునూ అడ్డుకుంటుంది.

అన్ని మందులూ దాటలేవు

ఇక్కడే జాగ్రత్త పడాలి. రెండు జబ్బుల్లోనూ రోగనిరోధక శక్తే దారి తప్పింది కాబట్టి సోరియాసిస్ మందులన్నీ ఎంఎస్‌కు పనికొస్తాయనుకుంటే ప్రమాదం. ఉస్టెకినుమాబ్ ఇంజెక్షన్ సోరియాసిస్‌కు గొప్ప మందు. ఎంఎస్‌లో పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదని 2008లో తేలింది. టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల సంగతి ఇంకా గట్టి పాఠం. ఎటనర్‌సెప్ట్ లాంటివి సోరియాసిస్‌ను బాగా తగ్గిస్తాయి. అదే కోవకు చెందిన లెనర్‌సెప్ట్‌ను ఎంఎస్ రోగులకు ఇచ్చి చూస్తే దాడులు పెరిగాయని 1999లో బయటపడింది. అందుకే సోరియాసిస్‌కు ఇలాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు, ఇంట్లో ఎవరికైనా ఎంఎస్ ఉందా, మీకెప్పుడైనా ఒక కన్ను మసకబారిందా అని డాక్టరు అడుగుతారు. ఆ ప్రశ్నకు దాచకుండా జవాబు చెప్పాలి.

మన భీమవరం బిడ్డ మందు

ఈ బాటలో మనవాడి మందు కూడా ఉంది. గుడివాడలో రైలెక్కితే కైకలూరు మీదుగా వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన ఆయన బృందమే, ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లనూ తయారు చేసింది. పిల్లల రక్తక్యాన్సర్ కోసం పుట్టిన మందులివి. 1951లో అమినోప్టెరిన్ సోరియాసిస్‌ను తగ్గిస్తోందని డాక్టర్లు గమనించారు. తర్వాత మెథోట్రెక్సేట్ ఆ జబ్బుకు ముఖ్యమైన మందుల్లో ఒకటైంది. ఎంఎస్‌లోనూ దీన్ని పరీక్షించారు. 1995లో 60 మంది మీద వెలువడిన అధ్యయనంలో చేతుల పనితీరు దిగజారడం కొంత నెమ్మదించింది. అంతకుమించి గట్టి ఫలితం లేక, అది ఎంఎస్‌లో ప్రధాన చికిత్స కాలేకపోయింది. పుట్టిన జబ్బు నుంచి ఇంకో జబ్బుకు దాటగలిగిన మందు, మూడోదాని గడప దగ్గర ఆగిపోయింది.

మెథోట్రెక్సేట్ గురించి ఒక్క మాట ప్రతి ఇంటికీ తెలియాలి. సోరియాసిస్‌కు, కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు రాయించుకోండి.

ధర సంగతి

డైమిథైల్ ఫ్యూమరేట్ పాత మందు కాబట్టి చౌకగా వచ్చిందనుకోవద్దు. అమెరికాలో ఎంఎస్ మందుగా విడుదలైనప్పుడు ఏడాదికి దాదాపు 55 వేల డాలర్ల ధర పెట్టారు. పేటెంటు మీద బయోజెన్‌కూ మైలాన్ కంపెనీకీ కోర్టులో పోరు జరిగింది. 2020 జూన్‌లో పేటెంటు చెల్లదని తీర్పొచ్చింది. ఆగస్టులో అక్కడి బజారులోకి జనరిక్ వచ్చింది. తెలిసిన రసాయనానికి కొత్త ఉపయోగం కనిపెట్టి, రుజువు చేసిన శ్రమకు ప్రతిఫలం ఉండాల్సిందే. ఆ ప్రతిఫలం రోగికి మందునే అందకుండా చేయకూడదు.

వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

డైమిథైల్ ఫ్యూమరేట్‌ను మామూలుగా 120 మిల్లీగ్రాములతో రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, వారం తర్వాత 240కి పెంచుతారు. ముఖం ఎర్రబడి వేడెక్కడం, కడుపునొప్పి, విరేచనాలు మొదటి నెలలో మామూలే, చాలామందికి తర్వాత తగ్గుతాయి. అన్నం తిన్నాక వేసుకుంటే ఇబ్బంది తక్కువ. క్యాప్సూల్ విప్పకూడదు, నమలకూడదు.

అసలు జాగ్రత్త రక్తపరీక్షలో ఉంది. ఈ మందు లింఫోసైట్లు అనే తెల్లకణాలను తగ్గించగలదు. అవి బాగా పడిపోయి చాలాకాలం అలాగే ఉంటే, అరుదుగా మెదడుకు ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకు కణాల లెక్క చూపించుకోవాలి. దానికి విజయవాడ దాకా పోనక్కర్లేదు. అవనిగడ్డలో అయినా, గుడివాడలో అయినా చేయించి రిపోర్టు పంపితే సరిపోతుంది. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంకో హక్కు కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. అర్హత ఉన్నవాళ్లు సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవాలి.

ఒక మందు పేరు పక్కన ఏ జబ్బు రాసి ఉందన్నది దాని గతం చెబుతుంది. మన జబ్బుకు అది పని చేస్తుందా లేదా అన్నది ఆ జబ్బు ఉన్న మనుషుల మీద జరిగిన పరీక్షే చెప్పాలి. డైమిథైల్ ఫ్యూమరేట్ ఆ పరీక్ష నెగ్గింది. కాబట్టి డాక్టరు రాస్తే, చర్మం మందని మానేయకండి. సోరియాసిస్ ఉన్న పక్కింటివారి మాత్ర తెచ్చుకుని సొంతంగా మింగే సాహసం మాత్రం ఎన్నడూ చేయకండి.